సంతకం ఎవరిది, లెక్క ఎవరిది?

గౌరవనీయ సంపాదకులకు,

కడుతున్న భవనం కూలిందంటే మర్నాటి పత్రికల్లో వార్తకు ఒక వరస ఉంటుంది. శిథిలాల కింద ఎంతమంది ఉన్నారు, యజమాని ఎక్కడున్నాడు, అనుమతి ఎన్ని అంతస్తులకు, కట్టినవి ఎన్ని, ఏ మున్సిపల్ అధికారిని సస్పెండ్ చేశారు. ఇవన్నీ అడగాల్సినవే. అయితే ఆ భవనం నిలబడుతుందని రాసిచ్చి సంతకం పెట్టిన స్ట్రక్చరల్ ఇంజనీరు ఎవరు, ఆయన దగ్గర లెక్కల కాగితాలు ఉన్నాయా అన్న ప్రశ్న మాత్రం ఎక్కడో తప్ప కనబడదు. 2014 జూన్ 28న చెన్నై శివారు మౌలివాక్కంలో 11 అంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోయారు. వారిలో చాలామంది ఆంధ్రప్రదేశ్ నుంచి పనికి వెళ్లిన కూలీలు. 2016 డిసెంబరులో హైదరాబాద్ నానక్‌రాంగూడలో ఏడంతస్తుల భవనం కూలి 11 మంది పోయారు. 2025 మార్చిలో భద్రాచలంలో నిర్మాణంలో ఉన్న మరో భవనం నేలమట్టమైంది. ఒక్కోదానికి ఒక్కో కారణం ఉండొచ్చు. కానీ అన్నిటిలోనూ ఎవరో ఒక ఇంజనీరు లెక్క చేసి ఉండాలి, లేదా చేయకుండానే సంతకం పెట్టి ఉండాలి, లేదా ఆయనను అసలు ఎవరూ అడిగి ఉండకూడదు. ఈ మూడింటిలో ఏది జరిగిందో జనానికి తెలియాలి.

అనుమతి దరఖాస్తుకు జతచేసే ధ్రువపత్రంలో మాట సూటిగానే ఉంటుంది. నేల స్వభావాన్ని చూసుకుని, భారతీయ ప్రమాణాల ప్రకారం, భూకంప బలాలను కూడా లెక్కలోకి తీసుకుని డిజైన్ చేశాను, బాధ్యత నాది అని దాని సారాంశం. ఆచరణలో అది ప్లాన్ గీసే ఆఫీసు ఇచ్చే ప్యాకేజీలో ఒక అంశం. ఎలివేషన్, వర్కింగ్ డ్రాయింగులు, వాస్తు మార్పులు, అప్రూవల్, వాటితో పాటు ‘స్ట్రక్చరల్ సంతకం’. సంతకం పెట్టినాయన స్థలం చూసి ఉండకపోవచ్చు. కొన్నిచోట్ల ఆయన లాగిన్, డిజిటల్ సంతకం డాంగిల్ (కంప్యూటర్‌కు తగిలించే చిన్న పరికరం) కూడా ఆ ఆఫీసు సొరుగులోనే ఉంటాయి. డాంగిల్ అప్పగించడమంటే ఖాళీ చెక్కు మీద సంతకం చేసి ఇవ్వడమే. తేడా ఏమిటంటే చెక్కు చెల్లకపోతే పోయేది డబ్బు.

లెక్క అనగానే అదేదో సామాన్యులకు అందని విద్య అనుకోనక్కర్లేదు. ఒక్క పిల్లర్‌ను చేతిలెక్కతో చూద్దాం. స్టిల్ట్ (కింది పార్కింగ్ అంతస్తు) మీద అయిదు అంతస్తులు, మన పట్టణాల్లో ఏ వీధిలో చూసినా కనబడే అపార్ట్‌మెంటు. పిల్లర్ల మధ్య దూరం రెండువైపులా 13 అడుగులు, అంటే 4 మీటర్లు. లోపలి పిల్లర్ ఒక్కో అంతస్తులో 16 చదరపు మీటర్ల బరువు మోస్తుంది. స్లాబు, బీములు, గోడలు, టైల్స్, మనుషులు, సామాన్లు అన్నీ కలిపి చదరపు మీటరుకు ఉరమరగా 1.2 టన్నులు. స్టిల్ట్ పైకప్పు నుంచి టెర్రస్ దాకా స్లాబులు ఆరు. ఆరు పదహార్లు 96, దాన్ని 1.2తో గుణిస్తే 115 టన్నులు. కోడ్, అంటే భారతీయ నిర్మాణ ప్రమాణాల పుస్తకం, చెప్పిన 1.5 భద్రతా గుణకం వేస్తే 173 టన్నులు.

ఇప్పుడు పిల్లర్ ఎంత మోయగలదో చూద్దాం. ఇంటివాళ్లకు నచ్చే కొలత 9 అంగుళాలు, 18 అంగుళాలు. గోడలో కలిసిపోతుంది, మూలలో పొడుచుకు రాదు, మంచం పక్కన అడ్డం రాదు. 230 మి.మీ. × 450 మి.మీ., ఎం25 రకం కాంక్రీటు (అంకె పెరిగితే బలం ఎక్కువ), 16 మి.మీ. ఊచలు ఆరు, ఎఫ్ఈ 500 రకం స్టీలు. కాంక్రీటు నిర్మాణాల కోడ్ ఐఎస్ 456 సూత్రంలో వేస్తే కాంక్రీటు వాటా 102 టన్నులు, స్టీలు వాటా 40 టన్నులు, మొత్తం 143 టన్నుల దగ్గర ఆగిపోతుంది. కావాల్సింది 173. పైగా ఈ సూత్రం 9 అంగుళాల పిల్లర్‌కు ఉదారంగా ఇచ్చిన మార్కులే. బరువు ఎప్పుడూ పిల్లర్ నడిమధ్యన పడదు కాబట్టి కనీసం 20 మి.మీ. పక్కకు పడుతుందని లెక్కించమంటుంది కోడ్. ఆ సులువు సూత్రం వాడాలంటే ఆ పక్కజరుగుడు పిల్లర్ వెడల్పులో ఇరవయ్యో వంతు దాటకూడదు. 230లో ఇరవయ్యో వంతు 11.5 మి.మీ. అంటే సూత్రమే వర్తించదు, నిజమైన సామర్థ్యం 143 కంటే తక్కువే. పైన పెంట్‌హౌస్ వేస్తే స్లాబులు ఏడవుతాయి, కావాల్సింది 202 టన్నులవుతుంది. విజయవాడ, గుంటూరు లాంటి మూడో భూకంప మండలంలోనైతే భూకంపాలకు తట్టుకునే కాంక్రీటు నిర్మాణాల కోడ్ ఐఎస్ 13920 ఇలాంటి పిల్లర్ కనీస వెడల్పు 300 మి.మీ. ఉండాలంటుంది. అంటే అక్కడ 9 అంగుళాల పిల్లర్ లెక్కదాకా కూడా రాకూడదు, గుమ్మంలోనే ఆగిపోవాలి.

అలాంటి పిల్లర్లతో కట్టినవి వందలు నిలబడే ఉన్నాయి కదా అంటారు. నిజమే. కోడ్‌లో దాచి ఉంచిన భద్రతను తింటూ నిలబడ్డాయి. మేస్త్రి నీళ్లు ఎక్కువ పోసి ఎం25 కాస్తా ఎం15 అయితే అదే పిల్లర్ లెక్క 102 టన్నులకు దిగుతుంది. అప్పుడది గుణకం ఏమీ వేయని అసలు బరువు 115 కంటే కూడా తక్కువ. ఒకే భవనంలో పిల్లర్ సన్నం, కాంక్రీటు పలచన, పైన అదనపు అంతస్తు, పక్క స్థలంలో గొయ్యి అన్నీ కలిసొచ్చిన రోజున తినడానికి భద్రత మిగలదు. 2024 నవంబరులో గచ్చిబౌలి సిద్ధిఖ్‌నగర్‌లో పక్క స్థలంలో పునాదికి గుంతలు తీస్తుండగా ఒక బహుళ అంతస్తుల భవనం ఒరిగింది. మర్నాడు దాన్ని కూల్చేయాల్సి వచ్చింది.

ఇంత చిన్న లెక్క ఎవరైనా తప్పుతారా? తప్పరు, చేస్తే. ఇప్పుడు చేసేది సాఫ్ట్‌వేరు. స్టాడ్, ఈట్యాబ్స్ లాంటివి మంచి పనిముట్లు, వాటిని నేను తప్పుపట్టడం లేదు. వాటికి ఏం పెడితే అదే వండి వడ్డిస్తాయి. నేల పరీక్ష చేయించకుండా చదరపు మీటరుకు 25 టన్నులు మోస్తుందని కొట్టేస్తే, ఫుటింగు (పిల్లర్ కింది పునాది దిమ్మ) రెండుంబావు మీటర్ల చదరంగా వస్తుంది. అదే పిల్లర్‌కు నేల నిజంగా 15 టన్నులే మోసేదైతే కావాల్సింది 2.9 మీటర్ల చదరం. కృష్ణా, గుంటూరు నల్లరేగడిలో ఈ తేడా కాగితం మీద కనిపించదు, నాలుగైదు వానాకాలాలకు గోడల్లో ఏటవాలు పగుళ్లుగా కనిపిస్తుంది. హైదరాబాద్ పని కోసం చేసిన పాత ఫైలును కాపీ చేసి విజయవాడ భవనానికి వాడితే భూకంప మండలం రెండుగానే ఉండిపోతుంది. భూకంప బలాల కోడ్ ఐఎస్ 1893, 2016 కూర్పులో రెండో మండలానికి గుణకం 0.10, మూడో మండలానికి 0.16. ఒక్క గడి మార్చడం మరిచిపోతే భూకంప బలం మూడోవంతుకు పైగా తగ్గిపోయింది. ఫుటింగు నేల కింద రెండు మీటర్ల లోతున ఉంటే మోడల్‌లో (కంప్యూటర్‌లో గీసిన భవనం నమూనాలో) పిల్లర్‌ను ప్లింత్ దగ్గరే బిగించేసి ఆ రెండు మీటర్ల పొడవును మాయం చేయడం ఇంకో అలవాటు. మోడల్ ఎక్కడైనా నిలకడ తప్పితే కొన్ని ప్రోగ్రాములు అక్కడ సొంతంగా ఒక బలహీనమైన స్ప్రింగు తగిలించి లెక్కను ముందుకు నడిపిస్తాయి. హెచ్చరిక అవుట్‌పుట్ ఫైలు మధ్యలో ఒక లైనుగా ఉంటుంది. దాన్ని చదివేవాళ్లు తక్కువ.

ఇవి ఏమరుపాట్లు. తెలిసి చేసేవి వేరే ఉన్నాయి, అసలు నీతి ప్రశ్న అక్కడే. బీము ఎరుపు రంగులో వచ్చింది, అంటే చాలడం లేదని అర్థం. యజమాని బీము లోతు పెంచనివ్వడు, తలకు తగులుతుందంటాడు. అప్పుడు బీము చివర ‘రిలీజ్’ ఇస్తారు, అంటే అక్కడ వంపు బలం ఏమీ లేదని మోడల్‌కు చెప్పడం. చివర ఎరుపు పోతుంది. మధ్యలో మిగిలిన ఎరుపు పోవడానికి కాంక్రీటును ఎం20 నుంచి ఎం30 చేస్తారు. డ్రాయింగులో మాత్రం ఎం20 అనే ఉంటుంది, ఎందుకంటే సైటులో పోసేది అదే. గోడ బరువు ఇంకో రూపం. 9 అంగుళాల ఇటుక గోడ 2.6 మీటర్ల ఎత్తుకు మీటరు పొడవున 1.2 టన్నులు తూగుతుంది. ప్లాన్‌లో గోడ జరిగినా మోడల్‌లో పాత చోటే ఉంచేస్తే ఓ బీము హాయిగా పాసవుతుంది. స్క్రీన్ మీద అంతా ఆకుపచ్చే. ఆ రిపోర్టు 300 పేజీలు వస్తుంది, బైండింగ్ చేసి ఇస్తే ఎవరికైనా గౌరవం కలుగుతుంది.

కంప్యూటర్ చెప్పింది కాబట్టి సరే అనుకున్నవాళ్లకు ఏమైందో పాత ఉదాహరణలున్నాయి. అమెరికాలోని హార్ట్‌ఫోర్డ్ ఇండోర్ స్టేడియం పైకప్పును కంప్యూటర్ లెక్కల మీద నమ్మకంతో కట్టారు. నిర్మాణంలోనే కప్పు లెక్కించినదానికి రెట్టింపు కుంగింది. సైటువాళ్లు చెప్పారు కూడా. అలాంటి తేడాలు మామూలేనని ఇంజనీర్లు కొట్టిపారేశారు. పై కడ్డీలకు పక్కనుంచి ఆసరా ఉందని మోడల్ అనుకుంది, నిజంలో ఆ ఆసరా చాలినంతగా లేదు. 1978 జనవరి 18 తెల్లవారుజామున మంచు బరువుకు కప్పంతా కూలింది. కొన్ని గంటల ముందు అక్కడ దాదాపు 5,000 మంది బాస్కెట్‌బాల్ ఆట చూసి వెళ్లారు. 1991 ఆగస్టు 23న నార్వేలో స్లైప్నర్ ఎ అనే చమురు వేదిక కాంక్రీటు అడుగుభాగం పరీక్షలోనే మునిగిపోయింది. కంప్యూటర్ మోడల్‌లో గడులు మొరటుగా గీయడం వల్ల గోడల మీద కోత బలం 47 శాతం తక్కువగా వచ్చింది. ప్రమాదం తర్వాత జాగ్రత్తగా చేసిన లెక్కలో 62 మీటర్ల లోతున పగలాలని తేలింది. నిజంగా పగిలింది 65 మీటర్ల దగ్గర. అంటే సరైన లెక్క సాధ్యమే, దాన్ని ముందు ఎవరూ చేయలేదు.

అందుకే మోడల్ నడిపాక అరగంట పని మిగిలే ఉంటుంది. పునాదుల దగ్గర వచ్చిన ప్రతిచర్యలన్నీ (నేల తిరిగి మోసే బలాలు) కూడి, చేతితో వేసిన మొత్తం బరువుతో పోల్చాలి. రెండు మూడు శాతానికి మించి తేడా ఉంటే ఎక్కడో బరువు పోయింది, లేదా రెండుసార్లు పడింది. వంగిన ఆకారాన్ని పెద్దది చేసి చూడాలి. ఏదైనా బీము గాలిలో వేలాడుతుంటే అక్కడ కీలు కలవలేదు. అతి పొడవైన బీము ఒకటి, అతి బరువు మోసే పిల్లర్ ఒకటి, దాని ఫుటింగు ఒకటి చేతితో లెక్కించాలి. ఇవన్నీ ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టినదే నా దృష్టిలో డిజైన్ ఫైలు. 300 పేజీలు దానికి అనుబంధం.

చేతులు మారుతూ తిరిగే ఎక్సెల్ షీట్ల సంగతీ చెప్పాలి. ఫుటింగు డిజైన్, మెట్ల డిజైన్ అని వాట్సాప్ గ్రూపుల్లో వస్తుంటాయి. రాసినవారెవరో తెలియదు, గడులు లాక్ చేసి ఉంటాయి, లోపల కోడ్ పాత కూర్పు సూత్రాలుండవచ్చు. సూత్రం కనిపించని షీటుతో వచ్చిన జవాబు మీద సంతకం పెట్టకూడదు. రాసేవారు కూడా ఏ కోడ్, ఏ సంవత్సరం కూర్పు, ఏ హద్దుల వరకు పనిచేస్తుంది, ఏ ఉదాహరణతో సరిచూశారు అన్న నాలుగు ముక్కలు మొదటి పేజీలో రాయాలి. అవి లేకుండా పంచిపెట్టడం ఉపకారం కిందికి రాదు.

అనుమతుల పోర్టళ్లు రాసే సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లకూ ఇందులో వాటా ఉంది. ప్లాన్‌ను పరిశీలించే ప్రోగ్రాము సెట్‌బ్యాక్‌లు, ఎత్తు, పార్కింగ్ కొలతలు, రోడ్డు వెడల్పు చూస్తుంది. పిల్లర్ బలం చూడదు, చూడటానికి దాన్ని రాయలేదు. స్ట్రక్చరల్ పత్రాల దగ్గర ఫైలు జతయిందా లేదా అన్నదే అడిగే పద్ధతిలో ఖాళీ పేజీ పెట్టినా పచ్చటిక్కు పడుతుంది. ఆ టిక్కును చూసిన కొనుగోలుదారు ప్రభుత్వం తనిఖీ చేసిందనుకుంటాడు. ఈ అపోహ పుడుతుందని ప్రోగ్రాము రాసినవారికి తెలుసు. తెలిసినప్పుడు అది క్లయింటు అడగలేదు కదా అని వదిలేయడం కుదరదు. కంప్యూటర్ నిపుణుల అంతర్జాతీయ సంఘం అసోసియేషన్ ఫర్ కంప్యూటింగ్ మెషినరీ 2018లో సవరించిన నీతి నియమావళి ప్రజల మేలునే కేంద్రంగా పెట్టుకోమంటుంది. 2019 ఏప్రిల్‌లో సాఫ్ట్‌వేరుతో తయారుచేసిన తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో తప్పులు దొర్లి, ప్రభుత్వం త్రిసభ్య కమిటీ వేసి, ఫెయిలైనవారి పత్రాలను ఉచితంగా మళ్లీ పరిశీలించాల్సి వచ్చింది మనకు గుర్తే. విడుదలకు ముందు ‘పరీక్షించాం’ అని పెట్టే సంతకం, భవనానికి పెట్టే సంతకం ఒకే జాతివి.

మళ్లీ సైటుకు వస్తాను. డిజైన్ ఎంత సరిగా ఉన్నా కాంక్రీటు పోసే రోజున అది గట్టెక్కాలి. నీళ్ల నిష్పత్తి 0.5 అంటే 50 కిలోల సిమెంటు బస్తాకు 25 లీటర్లు, తడి ఇసుకలో ఉన్న నీళ్లతో సహా. పంపు లాగడం లేదని బస్తాకు ఇంకో అయిదు లీటర్లు పోస్తే నిష్పత్తి 0.6 అయింది. బలం పడిపోతుంది, గుల్లలు పెరుగుతాయి, ఊచకు తుప్పు త్వరగా చేరుతుంది. పలచన కావాలంటే రసాయనం వేయాలి, నీళ్లు కాదు. బాల్కనీ స్లాబులో ప్రధాన ఊచలు పైవైపు ఉండాలి. పోసేవాళ్లు వాటి మీదే నడిచి కిందికి తొక్కేస్తారు. 125 మి.మీ. స్లాబులో 100 మి.మీ. ఎత్తున ఉండాల్సిన ఊచ 40 మి.మీ. దిగితే బలంలో దాదాపు 40 శాతం పోయినట్టే. దానికి కావాల్సింది పై ఊచలను ఎత్తి పట్టే కుర్చీ ఊచలు, ఒక మనిషి నిఘా, అంతే. పిల్లర్ నిలువు ఊచల చుట్టూ కట్టే రింగుల కొనలు 135 డిగ్రీలు లోపలికి వంచాలి. 90 డిగ్రీల దగ్గర ఆపితే భూకంపంలో కవర్ (ఊచల పైనుండే కాంక్రీటు పొర) రాలగానే రింగు తెరుచుకుంటుంది. వంచడం కష్టమని మేస్త్రి మానేస్తాడు, చూడటానికి ఇంజనీరు ఉండడు.

కాంక్రీటు దిమ్మలను నొక్కి బలం తేల్చే క్యూబు పరీక్షల్లో జరిగే మాయ గురించి పాఠకులే పట్టుకోగలిగేంత చెబుతాను. 1,500 చదరపు అడుగుల స్లాబుకు బీములతో కలిపి సుమారు 24 ఘనపు మీటర్ల కాంక్రీటు పడుతుంది. 16 నుంచి 30 ఘనపు మీటర్లకు మూడు నమూనాలు తీయాలని ఐఎస్ 456 చెబుతుంది. నమూనాకు మూడు క్యూబులు, మొత్తం తొమ్మిది, 28 రోజుల పరీక్షకే. ఏడు రోజుల పరీక్ష కావాలంటే ఇంకా అదనం. రిపోర్టులో మూడే ఉంటే మొదటి అనుమానం. 150 మి.మీ. క్యూబు బరువు ఎనిమిది కిలోలు దాటాలి. ఏడున్నర అని ఉంటే అందులో గుల్లలున్నాయి. ఎం25 అంటే యంత్రం మీద 562 కిలోన్యూటన్లకు పైగా మోయాలి. ఆ అంకెను 22,500 చదరపు మి.మీ.తో భాగిస్తే రిపోర్టులో ఉన్న బలం రావాలి, రాకపోతే అంకెలు వండినవి. మూడు క్యూబులకూ దశాంశం దాకా ఒకే బలం వస్తే అది కాంక్రీటు కాదు, కాపీ పేస్టు. పోసిన తేదీకి, పరీక్ష తేదీకి మధ్య 28 రోజులున్నాయో లేదో వేళ్ల మీద లెక్కపెట్టుకోవచ్చు. క్యూబుల కోసం విడిగా సిమెంటు ఎక్కువేసి కలిపే ఘనులూ ఉన్నారు. లారీ దగ్గర నమూనా తీసేటప్పుడు ఇంజనీరు ఎదురుగా ఉండి క్యూబు మీద తేదీ, చోటు గీస్తే తప్ప ఆ మోసం దొరకదు.

సంతకం విలువ ఎంతో చూపించిన ఘటన కాన్సాస్ సిటీలోని హయత్ రీజెన్సీ హోటల్‌ది. 1981 జులై 17న అక్కడి వేలాడే నడవాలు కూలి 114 మంది చనిపోయారు. మూల డిజైన్‌లో పైకప్పు నుంచి ఒకే కడ్డీ నాలుగో అంతస్తు నడవా గుండా రెండో అంతస్తు నడవా దాకా దిగాలి. అంత పొడవు కడ్డీకి మర కోయడం ఇబ్బందని తయారీదారు దాన్ని రెండు ముక్కలు చేశాడు. పై నడవా కప్పుకు, కింది నడవా పై నడవాకు వేలాడాయి. దాంతో పై నడవా దూలం కింది నట్టు మీద పడే బరువు రెట్టింపైంది. కట్టినది స్థానిక కోడ్ కోరినదాంట్లో 30 శాతమే మోయగలదని దర్యాప్తులో తేలింది. ఆ మార్పు ఉన్న షాపు డ్రాయింగుల (తయారీదారు గీసిన డ్రాయింగుల) మీద ఇంజనీరు ముద్ర ఉంది, ఎవరూ లెక్క వేయలేదు. ఫోన్‌లో మాట్లాడాం, వాళ్లు చూస్తారనుకున్నాం అన్న సమాధానాలు నిలబడలేదు. మిస్సోరీ రాష్ట్రంలో ఆ ఇంజనీర్ల లైసెన్సులు పోయాయి.

మన దగ్గర పోవడానికి అలాంటి లైసెన్సు లేదు. వకీలుకు 1961 చట్టం, ఆర్కిటెక్టుకు 1972 చట్టం ఉన్నాయి. ఇంజనీరుకు దేశవ్యాప్తంగా అమల్లో ఉన్న అలాంటి చట్టం, రిజిస్టరు లేవు. ఉన్నది పట్టణ సంస్థలు ఇచ్చే లైసెన్సు. ప్రమాదం జరిగాక పోలీసు కేసు ఉంటుంది. భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద నిర్లక్ష్యంతో మరణానికి కారణమైతే అయిదేళ్ల దాకా శిక్ష. అది చనిపోయాక వచ్చే చట్టం. రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం స్వాధీనమైన అయిదేళ్లలోపు బయటపడిన నిర్మాణ లోపాలను 30 రోజుల్లో సొంత ఖర్చుతో సరిచేయమని బిల్డర్‌కు చెబుతుంది. కానీ 500 చదరపు మీటర్లలోపు స్థలంలో గానీ, ఎనిమిదిలోపు ఫ్లాట్లతో గానీ కట్టేవాటికి రెరా నమోదు తప్పనిసరి కాదు. సంతకాలు చౌకగా దొరికేది అక్కడే. తెలంగాణలో 500 చదరపు మీటర్ల స్థలం, 10 మీటర్ల ఎత్తు దాకా యజమాని స్వీయ ధ్రువీకరణతో తక్షణ అనుమతి ఇస్తున్నారు. వేగం మంచిదే. ఆఫీసుల చుట్టూ తిప్పించుకునే రోజులు మళ్లీ రావాలని ఎవరూ కోరరు. కానీ అధికారి తనిఖీ తగ్గిన కొద్దీ ఇంజనీరు సంతకం మీద బరువు పెరుగుతుందన్న సంగతి ఆ వేగంలో కొట్టుకుపోకూడదు.

‘ఇంజనీరుకేం, పిల్లర్ లావు చేయమంటాడు, ఖర్చు నాది’ అని యజమానులు అంటారు. ఖర్చు లెక్కే వేద్దాం. 9 × 18 పిల్లర్‌ను 12 × 20 చేస్తే మూడు మీటర్ల ఎత్తుకు పెరిగే కాంక్రీటు 0.14 ఘనపు మీటరు. 16 పిల్లర్లకు ఆరంతస్తుల్లో కలిపి 13.4 ఘనపు మీటర్లు. ఆరు ఘనపు మీటర్ల రెడీమిక్స్ లారీలు రెండుంబావు. పై అంతస్తుల్లో పిల్లర్ తగ్గించుకోవచ్చు కాబట్టి నిజానికి ఇంకా తక్కువ. ఎనిమిది 16 మి.మీ. ఊచలతో ఆ పిల్లర్ సూత్రం ప్రకారం 200 టన్నులు మోస్తుంది. మూలలో మూడంగుళాల పొడుపు వస్తుంది. దాన్ని బీరువాతో కప్పుకోవచ్చు.

సంతకం పెట్టమని ఒత్తిడి వచ్చే యువ ఇంజనీర్లకు ఒక పద్ధతి చెబుతాను. ‘పెట్టను’ అని నోటితో అంటే ఉద్యోగం పోతుంది, ఆ సంతకం ఇంకొకరు పెడతారు. అంకెలతో రాయాలి: ‘సి4 పిల్లర్‌కు కావాల్సింది 173 టన్నులు, ఇచ్చిన కొలతకు వచ్చేది 143. 12 × 20కి మారిస్తే సరిపోతుంది. మార్చేవరకు ఈ డ్రాయింగు నిర్మాణానికి విడుదల చేయడం లేదు.’ తేదీ వేసి ఈమెయిల్ పంపాలి. ఆ రెండు అంకెలు కాగితం మీదికి వచ్చాక వాటిని కాదని సంతకం పెట్టడానికి తర్వాతివాడు కూడా జంకుతాడు. యజమాని డ్రాయింగు దాటి అంతస్తు లేపుతుంటే తప్పుకున్నట్టు మున్సిపాలిటీకి రాతపూర్వకంగా తెలియజేయాలి. ఏ దశ దాకా తాను చూశాడో, ఏది చూడలేదో అందులో రాయాలి. పిల్లర్‌లో నిలువు పగుళ్లు, కాంక్రీటు పెచ్చులూడటం, రింగుల మధ్య ఊచ బయటికి ఉబ్బడం కనిపిస్తే మాత్రం ఉత్తరాలకు వ్యవధి లేదు. ముందు మనుషులను దించాలి, ఆ తర్వాతే ఆసరా పెట్టే మాట.

ప్రభుత్వాలు చేయాల్సింది కొత్త చట్టం వచ్చేదాకా ఆగనక్కర్లేదు. పోర్టల్‌లో ధ్రువపత్రంతో పాటు కొన్ని అంకెలు టైపు చేయించాలి: నేల భారసామర్థ్యం, నేల పరీక్ష జరిగిన తేదీ, భవనం మొత్తం బరువు, పునాదుల ప్రతిచర్యల మొత్తం, కాంక్రీటు గ్రేడు, పునాదిని ఎన్ని అంతస్తులకు డిజైన్ చేశారో ఆ సంఖ్య. మొత్తం బరువుకూ ప్రతిచర్యలకూ పొంతన లేకపోతే ప్రోగ్రామే వెనక్కి పంపగలదు, ఒక లైను కోడు చాలు. ఒకే ఇంజనీరు పేరు మీద ఒకే వారంలో లెక్కకు మించి ధ్రువపత్రాలు వస్తే అది కూడా ప్రోగ్రాముకు కనబడుతుంది. డిజిటల్ సంతకం పెట్టే క్షణంలో ఆ ఇంజనీరు ఫోన్‌కు స్థలం చిరునామాతో సందేశం వెళ్లాలి, డాంగిల్ ఎవరి సొరుగులో ఉన్నా. పునాది గొయ్యి, ప్లింత్, ప్రతి స్లాబు ఊచలు కట్టాక, కాంక్రీటు పోయకముందు ఇంజనీరు స్వయంగా అక్కడ నిలబడి తీసిన ఫోటో స్థలసూచికతో ఎక్కాలి. అనుమతి నంబరు కొట్టిన ఎవరికైనా ఇవన్నీ కనబడాలి.

అది జరిగేలోపు, రెరా పరిధిలోకి రాని చిన్న అపార్ట్‌మెంటులో ఫ్లాటు కొనేవారు టైల్స్ బ్రాండు అడిగేముందు మూడు కాగితాలు అడగవచ్చు. నేల పరీక్ష రిపోర్టు ఒకటి. ప్రతి స్లాబుకూ క్యూబు రిపోర్టులు రెండోది. పునాదిని ఎన్ని అంతస్తులకు డిజైన్ చేశారో స్ట్రక్చరల్ ఇంజనీరు సంతకంతో ఉన్న డ్రాయింగు మూడోది. డ్రాయింగులో ఉన్న అంతస్తుల సంఖ్యను వీధిలో నిలబడి భవనంతో సరిపోల్చుకోవచ్చు, పెంట్‌హౌస్‌ను కూడా లెక్కలో కలుపుకుని.

ఇట్లు,
ఒక స్ట్రక్చరల్ ఇంజనీరు,
విజయవాడ.